తాగడని చెప్పింది నేనే

మా తమ్ముడి సంబంధం ఖాయమయ్యే ముందు అమ్మాయి తరఫువాళ్ళు తిరుమలగిరిలో మా పుట్టింటిని చూడటానికి వచ్చారు. అందరూ ముందు గదిలో మాట్లాడుకుంటుంటే, అమ్మాయి వాళ్ళక్క మంచినీళ్ళ వంకతో నా వెనకాలే వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, ఒక్కటే అడుగుతున్న, నిజం చెప్పుండ్రి. మీ తమ్ముడు తాగుతడా?"

నేను ప్లేట్లలో మిక్చర్ పెడుతున్నాను. తల ఎత్తకుండానే, "అయ్యో, లేదమ్మా. గా వాసన సుత పడది వానికి" అన్నాను.

అంతకు ముందు వారమే వాడు తాగొచ్చి, అన్నం చల్లారిందని అమ్మ మీదికి కంచం విసిరాడు. అమ్మ కనుబొమ్మ పక్కన కమిలిన చోట ఆ పొద్దున పౌడర్ అద్దింది నేనే.

మా నాన్నా అంతే. కంటోన్మెంటులో గుమాస్తా, ఆఫీసులో ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. తాగితే మాత్రం అమ్మ మీద చెయ్యి లేచేది. నేనూ తమ్ముడూ బాత్రూంలో గడియ పెట్టుకుని కూర్చునేవాళ్ళం. వాడు నా చున్నీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాడు. "నేను పెద్దగైనంక నాన్నను కొడ్తా" అనేవాడు. తీరా పెద్దయ్యాక, నాన్న కాలేయం చెడి మంచం పట్టిన ఏడాదే వాడూ తాగడం షురూ చేశాడు.

నాన్న సంబంధమప్పుడు మా నానమ్మ కూడా "నా కొడుకు కల్లు సుత ముట్టడు" అని చెప్పిందట. ఆ మాట నమ్మి మోసపోయానని అమ్మ నా దగ్గర ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు. అదే అమ్మ ఆ పొద్దున నాతో, "పెండ్లైతే వాడే మంచిగైతడు. నువ్వు నోరు జారకు బిడ్డా" అంది.

నేను కాదనలేదు. వాణ్ణి చూసుకోవడానికి ఇంకో మనిషి వస్తే అమ్మకూ నాకూ కాస్త తెరిపి దొరుకుతుందనుకున్నాను. ఆ మనిషికి ఏమవుతుందో ఆలోచించలేదని చెప్పుకోవాలని ఉంటుంది. కానీ ఆలోచించాను. ఆలోచించే చెప్పాను.

పెళ్ళైన ఏడాది తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం మరదలు ఆటోలో యాప్రాల్‌లోని మా ఇంటికి వచ్చింది. ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని ఉంది. "ఇనిపిస్తలేదు వదినా" అంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎలా తగిలిందని ఆయన అడిగితే, ఆమె నోరు తెరిచేలోగా నేనే "బాత్రూంలో జారి పడ్డది" అన్నాను. ఆయన అదే రాసుకున్నాడు. లోపలి పొర చిరిగిందన్నాడు. తిరిగి వస్తుంటే, "వానికి మా నాన్న పోలిక. జెర ఓపిక పట్టు" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

ఇంకో ఆరునెలలకు ఆమె నేరేడ్‌మెట్‌లో ఉన్న వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయి పోలీసులకు కంప్లైంటు ఇచ్చింది. రెండు వైపులవాళ్ళనూ కౌన్సెలింగ్‌కు పిలిచారు. "మా వానికి ఏ అలవాటూ లేదు మేడం" అంది అమ్మ అక్కడి కౌన్సెలర్‌తో. తమ్ముడు ఆ డాక్టరు చీటీ తీసి, "చూడుండ్రి, జారి పడ్డదని రాసున్నది" అన్నాడు.

ఆ చీటీలో ఉన్నది నా మాట. ఎదురుగా మరదలి అక్క నన్నే చూస్తోంది. నేను మేడం వైపు తిరిగాను.

"అది అబద్ధం మేడం. డాక్టరుకు నేనే గట్ల చెప్పిన. కొట్టిండు వీడు. తాగుతడని పెండ్లికి ముందే మాకు తెలుసు. తాగడని చెప్పింది సుత నేనే."

తమ్ముడు కుర్చీ తన్నేసి లేచాడు. అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. బయట మెట్ల దగ్గర నేను మరదలి చెయ్యి పట్టుకోబోయాను. ఆమె మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఇయ్యాల చెప్తున్నవా వదినా? నా చెవి పోయినంక?"

తర్వాత వాళ్ళిద్దరూ విడిపోయారు. అమ్మ నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. తమ్ముడు ఇప్పుడు రెండోసారి మందు మాన్పించే సెంటర్లో ఉన్నాడు. ఆదివారాలు వెళ్ళి చూసొస్తున్నాను. మొన్న చాయ్ గ్లాసు పట్టుకుంటే వాడి చెయ్యి వణికింది, చాయ్ అంగీ మీద ఒలికింది. "ఆమె ఎట్లున్నది అక్కా?" అని అడిగాడు. "నాకేం తెల్వది. నా ఫోన్ ఎత్తది" అన్నాను. చిన్నప్పటిలాగే పెదవి కొరుక్కుంటూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. దారి పొడుగునా బస్సులో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఆమె కోసం నేను ఒక్కసారైనా ఇలా ఏడ్చానా అని ఇంటికొచ్చాక ఆలోచించాను. జవాబు నాకు తెలుసు. అది ఇక్కడ రాయడానికి కూడా సిగ్గేస్తోంది.