ఇంగ్వె కారు ఎందుకు ఆగిందంటే

సిక్స్టెన్ హాల్‌క్విస్ట్‌కు ముక్కు మీద కోపం, చేతిలో మాత్రం బంగారం. వార్యోన్ ఊళ్లో ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. రెండో సగం కాస్త ఆలస్యంగా చెబుతారు, అంతే తేడా. ట్రోల్‌హెత్తాన్ కార్ల ఫ్యాక్టరీలో, ఇంజన్లు పరీక్షించే గదిలో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరి చివర పాత పాలడిపో అద్దెకు తీసుకుని, ఆ ఫ్యాక్టరీ కార్లకే ఇంజన్ కంప్యూటర్లు సరిచేసే పని పెట్టుకున్నాడు. భార్య అప్పటికే యోతెబోరి పట్నం వెళ్లిపోయింది. "నాతో నాలుగు మాటలు మాట్లాడితే ఇంజన్‌తో నలభై మాట్లాడతావు. దాన్నే ఏలుకో" అని పెట్టె సర్దుకుందట. ఆవిడ అన్నది నిజమే గనుక అతను అడ్డుపడలేదు. అలాగని తప్పు తనదని కూడా అనలేదు. ఆ మాట అతని నోట ఎవరూ వినలేదు లెండి. కారుది తప్పు కావచ్చు, రోడ్డుది కావచ్చు, నడిపినవాడిది ఎలాగూ అవుతుంది. సిక్స్టెన్ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

అలాంటి మనిషితో ముప్పై ఏళ్లు స్నేహం నడిపినవాడు ఇంగ్వె బ్రోల్. ఫ్యాక్టరీలో ఇద్దరివీ పక్కపక్క బల్లలు. తర్వాత ఇంగ్వె స్కూలు బస్సు నడిపాడు. గురువారం వచ్చిందంటే బఠాణీ సూపు గిన్నె పట్టుకుని పాలడిపోలో దిగేవాడు. సిక్స్టెన్ తిట్లు తింటూ, సూపు తాగుతూ, నవ్వుతూ కూర్చునేవాడు. తిట్లన్నీ ఒకటే రకం. "నీది కాలా, ఇనప దిమ్మా? ఎత్తు ఎక్కేటప్పుడు అలా అదిమితే ఇంజన్ చస్తుందిరా" అని ఇతను, "చస్తే నువ్వు బతికించవూ" అని అతను.

ఆ ఫిబ్రవరిలో ఇంగ్వె సూపు లేకుండా వచ్చాడు. ఊపిరితిత్తుల్లో రాచపుండు అన్నారు డాక్టర్లు.

"ఆకులు రాలేదాకా అన్నార్రా. ఏ ఆకులో చెప్పలేదు" అన్నాడు. నవ్వబోతే దగ్గొచ్చింది. "హెడ్డా పెళ్లి జూన్‌లో. దాన్ని నా నల్ల కార్లో, నేనే నడిపి, చర్చి మెట్ల దగ్గర దించాలి. నాకింకేమీ వద్దు. కానీ ఆ ముసలి బండి కొండెక్కలేకపోతోంది. చూస్తావా?"

హెడ్డా అతని ఒక్కగానొక్క కూతురు. సిక్స్టెన్‌ను బాబాయ్ అని పిలుస్తూ ఆ పాలడిపోలోనే పెరిగింది. సిక్స్టెన్ చెయ్యి చాపి తాళాలు తీసుకున్నాడు.

ఇక్కడ పని సంగతి కొంచెం చెప్పాలి. ఆ కార్ల కంప్యూటర్ తనంతట తాను నేర్చుకుంటుంది. పొగగొట్టంలోని సెన్సర్ ఇంధనం తక్కువైందనో ఎక్కువైందనో చెబుతూ ఉంటే, ఆ తేడాను గుర్తుపెట్టుకుని మర్నాటి నుంచి ఆ మేరకు సర్దుకుంటుంది. అయితే ఇంధనం లెక్కలు కొత్తగా రాసేటప్పుడు ఈ నేర్చుకోవడాన్ని ఆపెయ్యాలి. లేకపోతే మనం ఒకటి రాస్తుంటే అది ఇంకోటి దిద్దుతుంది. పని అయ్యాక మళ్లీ తెరవాలి. సిక్స్టెన్ ఈ పని నిద్రలో కూడా చెయ్యగలడు.

వారం రోజులు కూర్చున్నాడు. అంత ప్రేమగా అతను ఏ కారు లెక్కలూ రాయలేదు. చివరి రోజు హున్నెబెర్గ్ కొండ మీదికి తోలితే, ఇరవయ్యేళ్ల బండి ఈల వేసుకుంటూ ఎక్కేసింది. ఒక్క కుదుపు లేదు. అప్పుడు అతనికి గర్వం పొడుచుకొచ్చింది. ఇంత చక్కగా నేను రాసి పెడితే ఈ కంప్యూటర్ డబ్బా మళ్లీ దిద్దడమా అనుకున్నాడు. నేర్చుకోవడాన్ని తెరవకుండా అలాగే ఉంచేశాడు. మే నెలలో తెరుస్తాలే, అనుకున్నాడు.

మే నెలే ఎందుకంటే, ఇంగ్వె కారు తాగేది పెట్రోలు కలిపిన ఇథనాల్. ఇథనాల్ శాతం పెరిగేకొద్దీ ఇంజన్‌కు ఇంధనం ఎక్కువ పొయ్యాలి. చలికాలం బంకులో దాని శాతం తగ్గించి అమ్ముతారు. పైగా పొద్దున్నే ఇంజన్ అందుకోవడానికి ఇక్కడ అందరం ఒక క్యాను మామూలు పెట్రోలు కలుపుకుంటాం. సిక్స్టెన్ రాసిన లెక్క ఆ ఫిబ్రవరి కలగలుపుకి సరిపోయే లెక్క. వేసవి సరుకుకి అది చాలదు. నేర్చుకునే డబ్బా అయితే రెండు మూడు ప్రయాణాల్లో పసిగట్టి ఇంధనం పెంచుకునేది.

మే వచ్చింది. మే అంతా సిక్స్టెన్ వారానికి మూడుసార్లు ఇంగ్వెను తన కార్లో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తిప్పాడు. వాంతులకు బకెట్ పట్టాడు. నల్ల కారు ఇంగ్వె ఇంటి షెడ్డులో దుప్పటి కింద ఉంది. మరిచిపోయాడు. ఎంత చేసినా, ఎంత కష్టపడినా, మరిచిపోవడం మరిచిపోవడమే కదా.

పెళ్లి రోజు ఎండ దంచేస్తోంది. ఇంగ్వె పొద్దున్నే బంకుకి వెళ్లి, కూతురి పెళ్లి గదా అని, ట్యాంకు అంచుదాకా కొత్త ఇథనాల్ నింపుకొచ్చాడు. సిక్స్టెన్ కొత్త కోటు తొడుక్కుని చర్చి దగ్గర నిలబడ్డాడు. పన్నెండయింది. పన్నెండుంపావు అయింది. ఫోను మోగింది.

"బాబాయ్, కొండ దగ్గర కారు ఆగిపోయింది. పొగలు. నాన్న కూర్చుండిపోయాడు. త్వరగా రా" అంది హెడ్డా.

వెళ్లేసరికి హెడ్డా తెల్ల గౌను మోకాళ్లదాకా ఎత్తిపట్టుకుని రోడ్డు మధ్య నిలబడి ఉంది. ఇంగ్వె గడ్డిలో కూర్చుని ఉన్నాడు, పెదవులు నీలంగా. బానెట్ కింద నుంచి మాడు వాసన. సిక్స్టెన్ నోట మొదట వచ్చిన మాట ముప్పై ఏళ్లుగా వచ్చే మాటే.

"ఎంతసేపు అదిమావురా?"

ఇంగ్వె తల దించుకున్నాడు. "కొండ మొదలు నుంచీ" అన్నాడు. "రెక్కలొచ్చినట్టు పోతోందిరా... ఆగలేకపోయాను."

హెడ్డా ఏడుస్తూ, "నేనే, గట్టిగా పోనీ నాన్నా అన్నాను" అంది.

సిక్స్టెన్ తన కార్లో ఇంగ్వెను పడుకోబెట్టి తెస్తే, దారిన పోతున్న ప్లంబరు వ్యాన్లో పెళ్లికూతురు చర్చికి చేరింది. ఇంగ్వె మెట్లు ఎక్కలేకపోయాడు. ఇద్దరు మోసుకెళ్లి వెనక బల్ల మీద కూర్చోబెడితే, అక్కడి నుంచి కూతురి వీపు చూశాడు. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చారు.

మర్నాడు ఆదివారం సిక్స్టెన్ ఆ కారుకు ల్యాప్‌టాప్ తగిలించాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నేర్చుకోవడం మూసి ఉంది. సోమవారం ఇంజన్ విప్పితే మూడో పిస్టన్‌కు బొటనవేలంత కన్నం. ఇంధనం చాలక మాడిపోయింది. లెక్క సరిగ్గా ఉంటే ఇంగ్వె ఆ కొండను పదిసార్లు అదిమి ఎక్కినా ఏమయ్యేది కాదు.

ఆ తర్వాత రెండు వారాలు తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. ఆసుపత్రి ముందు కారు ఆపి, లోపలికి పోకుండా తిరిగొచ్చేశాడు, మూడుసార్లు. నాలుగోసారి వెళ్లేసరికి హెడ్డా వరండాలో పట్టుకుంది.

"ఎక్కడికి పోయావు బాబాయ్? నాన్న నీకోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాడు. సిక్స్టెన్ చెప్పినట్టు విననందుకే ఇలా అయింది, వాడికి ముఖం ఎలా చూపించను అని కలవరిస్తున్నాడు. క్షమించానని ఒక్క మాట చెప్పు, నీకు దణ్ణం పెడతా."

లోపల ఇంగ్వె సగమయ్యాడు. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు.

"ఒరేయ్, ఆ కారు సంగతి..." మొదలుపెట్టాడు సిక్స్టెన్.

"వద్దురా. తెలుసు. ముప్పై ఏళ్లు చెప్పావు, ఒక్క రోజు విన్నానా? దాని పెళ్లి రోజు నేనే పాడుచేశా. నీ వారం కష్టం బూడిదలో పోశా."

"కాదు. నువ్వు కాదు. నేర్చుకోవడం నేను మూసేశాను. తెరవడం మరిచిపోయాను. వేసవి సరుకు పడేసరికి ఇంధనం చాల్లేదు. తప్పు నాదిరా ఇంగ్వె. నాది."

ఇంగ్వె అతని ముఖంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు, ఆ పాత నవ్వే.

"ఓరి పిచ్చోడా! తప్పు నాది అన్న మాట నీ నోట ఎప్పుడన్నా వచ్చిందిట్రా? పెళ్లాం వెళ్లిపోయినా రాలేదు. చచ్చేవాడి కోసం ఇంత అబద్ధం ఆడతావా?"

"అబద్ధం కాదురా. ల్యాప్‌టాప్ తెచ్చి చూపిస్తా. పిస్టన్ తెచ్చి చూపిస్తా."

"చాల్లే. నీ అబద్ధం నాకు వద్దు. క్షమించానని చెప్పు. అదొక్కటే కావాలి నాకు." మాట ఆగి దగ్గు తగులుకుంది. నర్సు పరుగెత్తుకొచ్చి ఆక్సిజన్ పెట్టింది. మాస్కు వెనక నుంచి కూడా అతని కళ్లు అడుగుతూనే ఉన్నాయి. గుమ్మంలో హెడ్డా రెండు చేతులూ జోడించి నిలబడింది.

సిక్స్టెన్ అతని చెయ్యి పట్టుకున్నాడు. కాదని ఇంకోసారి అనడానికి నోరు తెరిచాడు.

"క్షమించానురా" అన్నాడు.

ఇంగ్వె వేళ్లు మెత్తబడ్డాయి. రెండు రోజుల తర్వాత, మంగళవారం మధ్యాహ్నం పోయాడు. ఆ రెండు రోజులూ బాగా నిద్రపోయాడట.

సిక్స్టెన్ ఇప్పుడు పెద్దగా తిట్టడం లేదు. హెడ్డా అప్పుడప్పుడూ పాలడిపోకి వస్తుంది, బిడ్డను చంకనేసుకుని. నాన్నను ప్రశాంతంగా పంపింది నువ్వే బాబాయ్ అంటుంది. అతను ఆమెకు జరిగింది రెండుసార్లు, పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె కూడా నమ్మలేదు.