సాయంత్రం చుక్క

పెన్సిలు చెక్కిన పొట్టు వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ జ్వరం గుర్తొస్తుంది. మొన్న మనవరాలు నా మంచమెక్కి, దుప్పటి నిండా పొట్టు రాలుస్తూ గ్రాఫు కాగితం పరుచుకుంది. తిట్టబోయి ఆగిపోయాను. జోగారావు మేస్టారు కళ్ల ముందు నిలబడ్డారు.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో నరసన్నపేట దగ్గర మా హైస్కూల్లో ఆయన సైన్సు చెప్పేవారు. బక్కపలచటి మనిషి, నవ్వడం తక్కువ. ఎండాకాలం ఒంటిపూట బడుల్లో, వరండాలో వేలాడే థర్మామీటరును రోజూ చూసి గ్రాఫు గీయమన్నారు. మేం పొద్దున్నే బడికి రాగానే చూసేసి, చుక్క పెట్టేసి, ఆటకి పోయేవాళ్లం. చివరికి నేలబారుగా, చక్కటి గీత వచ్చింది. నేను దాన్ని గర్వంగా ఎత్తి పట్టుకుని చూపించాను. మేస్టారు కండువాతో మెడ మీద చెమట తుడుచుకున్నారు. "బాగుందమ్మా. ఈ గీత చూసిన పైఊరివాడు మన ఊళ్లో ఎండే కాయదనుకుని కంబళి పట్టుకొస్తాడు" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. "చుక్క మనం చూసింది. గీత మనం అనుకుంటున్నది. చూడని వేళ సంగతి మీ గీతకేం తెలుసు?" అని, మర్నాటి నుంచి బడి వదిలేటప్పుడు కూడా చూడమన్నారు.

ఆ ఏడు వానలు పడగానే మా తమ్ముడు సూరిబాబు మంచం పట్టాడు. మా ఇంట్లో నాయనమ్మ మాటకి తిరుగులేదు. జ్వరమొస్తే లంఖణం, దిగితే తలకి నీళ్లు పోసి పథ్యం. దిగిందో లేదో తేల్చేది ఆవిడ అరచెయ్యే. పొద్దున్నే వాడి నుదురు ముట్టుకుని "జొరం దిగిపోనాది" అనేది. దీపాలవేళకి వాడి ఒళ్లు మళ్లీ కాలిపోయేది. "మల్లీ వచ్చినాది" అనేది. ఆవిడ లెక్కలో ఏ రోజు జ్వరం ఆ రోజుదే.

బడిలో నా ముఖం చూసి మేస్టారు సంగతి అడిగారు. ఇంటికెళ్లి, జ్వరం చూసే థర్మామీటరు రుమాల్లో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టారు. "పొద్దున్నా, సాయంత్రమూ. ఎండాకాలం నాటి తెలివితేటలు ఇక్కడ చూపించకు" అన్నారు. అలాగే చూసి గ్రాఫు గీశాను. గీత రంపం పళ్లలా దిగుతూ ఎక్కుతూ వచ్చింది. దాన్ని ఎలా చదవాలో నాకు తోచలేదు.

ఒకరోజు పొద్దున్నే నాయనమ్మ నీళ్లు కాగబెట్టింది. "ఇయేల గుంటడికి నీల్లోసి పత్తెం ఎట్టేత్తాను. ఎన్నాల్లని మాడుత్తాడు?" అంది. పొద్దుటి చుక్క పెట్టాను గానీ, ముందురోజు సాయంత్రం చుక్క చాలా పైనుంది. కాగితం పట్టుకుని మేస్టారింటికి పరిగెత్తాను. ఆయన పెన్సిలు తీసుకుని పొద్దుటి చుక్కల్ని మాత్రమే కలిపారు. తర్వాత సాయంత్రం చుక్కల్ని మాత్రమే కలిపారు. రెండు గీతలూ పైకే పోతున్నాయి. చొక్కా తొడుక్కుని నాతో బయల్దేరారు.

మేం వెళ్లేసరికి నాయనమ్మ చెంబు పట్టుకుని ఉంది. నీళ్లు పొయ్యొద్దని, ఆసుపత్రికి తీసుకెళ్లాలని మేస్టారు చెప్పారు. "గీతలు సూసి గుంటడిని ఆసుపత్రికి తోలేత్తారేటి మేస్టారూ? నా సెయ్యి ఎప్పుడూ అబద్ధం సెప్పలేదు" అంది.

"మీ చెయ్యి అబద్ధం చెప్పట్లేదమ్మా. రాత్రి కంటే తగ్గిందంటుంది, నిజమే. దానికి మొన్నటి సంగతి గుర్తుండదు, అంతే" అన్నారు మేస్టారు. కాగితం మీద వేలు పెట్టి చూపించారు. "మీ మనవరాలు చూడ్డం మొదలెట్టిన రోజు సాయంత్రం మళ్లీ జ్వరమొచ్చిందన్నారట కదా, ఇదీ ఆ చుక్క. ఈ పొద్దున దిగిపోయిందంటున్నారు, ఇదీ చుక్క. ఏది పైనుందో మీరే చెప్పండి."

నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. కానీ ఏది పైనుందో కనపడింది. "ఓలమ్మో" అంటూ చెంబు కింద పెట్టేసింది. మేస్టారు మా నాన్న వైపు తిరిగి "అప్పన్నా, బండి కట్టు" అన్నారు.

శ్రీకాకుళం డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. పేగు పుండైపోయిందట, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదట. సూరిబాబు పుల్లలా అయి తిరిగొచ్చాడు, కానీ వచ్చాడు. నిజంగా పథ్యం పెట్టే రోజున నాయనమ్మ గిన్నె చేతిలో పట్టుకుని నన్ను అడిగింది: "నిన్న సాయంత్రం కూడా సూసినావేటే?" ఆ మాట మేస్టారికి చెబితే, ఆయన నవ్వడం మొదటిసారి చూశాను. థర్మామీటరు తిరిగిస్తే తీసుకున్నారు. గ్రాఫు కూడా అడిగి తీసుకున్నారు. పేరు చెప్పకుండా ఏటా క్లాసులో చూపించేవారని తర్వాత విన్నాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ మనిషికి మా ఇల్లంతా ఎంత రుణపడిందో ఎదుట నిలబడి ఒక్కనాడూ చెప్పలేకపోయాను.

సూరిబాబు ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాడు. అరవై దాటాయి, ఈమధ్య గుండె జబ్బు. రోజూ పొద్దున్నే ఫోను చేసి "బాగున్నానే అక్కా" అంటాడు.

"సరేరా. సాయంత్రం కూడా చేసి చెప్పు" అంటాను.

"నీ మేస్టారి పాఠం నన్ను వదల్దా ఏటి?" అని విసుక్కుంటాడు. దీపాలవేళకి ఫోను దగ్గరకొచ్చి కూర్చుంటాను. మోగుతుంది.