వెంట్రుకవాసి అక్క, ఏనుగు ప్రింటరు

మీరు ఈ అక్కని ఒక్కసారైనా కలవాలి. కలిసి తీరాలి, వేరే మాట లేదు. జిరాక్స్ షాపు పక్క సందులో, మెట్ల కింద గదిలో ఉంటుంది. వెనక కాగితం కట్టలు అడ్డం ఉండి తలుపు సగమే తెరుచుకుంటుంది. మీరు పక్కకి తిరిగి లోపలికి దూరేలోపే, తల కూడా ఎత్తకుండా, "చెప్పులు బయట విడవండి, నా మిషన్‌కి దుమ్ము పడదు" అంటుంది.

ఊరంతా ఆమెని వెంట్రుకవాసి అక్క అంటారు. ఏ ప్రూఫు చేతిలో పెట్టినా కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, "వెంట్రుకవాసి జరిగింది" అనడం ఆమెకి అలవాటు.

పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమెకి కంపోజింగ్ రాదు. బావగారి ప్రెస్సులో, అంటే భర్తగారి అన్నయ్య ప్రెస్సులో, ఖాళీగా ఉన్న కీబోర్డు ముందు కూర్చుని నేర్చుకుంది. అక్కడ ఒక పెద్ద లేజర్ ప్రింటర్ ఉండేది. ఆన్ చేస్తే కాసేపు మూలిగి, తర్వాత ఘీంకరించి, చివరికి వేడి వేడి కాగితం బయటికి తోసేది. ఇంటిల్లిపాదీ దాన్ని ఏనుగు అనేవాళ్ళు. దాని కడుపులో కాగితం ఇరుక్కుంటే చెయ్యి పెట్టి, మణికట్టు కాల్చుకుని మరీ లాగేది అక్కే. ఆ ప్రెస్సు పుస్తకాల్లో సగం ఆమె వేళ్ళ మీదుగా వెళ్ళినవే. ఒక్క దాంట్లోనూ ఆమె పేరు లేదు. ప్రెస్సు పేరుండేది, బావగారి పేరుండేది, ఒకసారైతే అట్ట అతికించినతని పేరు కూడా వేశారు.

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ప్రెస్సూ ఏనుగూ బావగారికి వెళ్ళాయి, పాత కంప్యూటర్ వీళ్ళకొచ్చింది. ఏనుగు అటు, మావటి ఇటు.

కానీ ఆ కంప్యూటర్లో ఏనుగు డ్రైవర్ మాత్రం ఉండిపోయింది. డ్రైవర్ అంటే ఫలానా ప్రింటర్‌తో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కి నేర్పే చిన్న ప్రోగ్రాం. అక్క వాడే పాత సాఫ్ట్‌వేర్‌కి ఒక జబ్బుంది. ఏ డ్రైవర్ పెడితే ఆ ప్రింటర్ కొలతల్లోనే పేజీని కూర్చోబెడుతుంది. డ్రైవర్ మార్చారా, లైన్లు విరుగుతాయి, బొమ్మల పక్క అంకెలు జరుగుతాయి. అందుకే అక్క దాన్ని తీసెయ్యలేదు. మిషన్ ఇంకో ఇంట్లో ఉంది, కొలతలు ఈ ఇంట్లో ఉన్నాయి. అవి పెట్టుకునే వైండింగ్ మాస్టారి పుస్తకం పూర్తి చేసింది.

మాస్టారు పిల్లలకి వైండింగ్, అంటే మోటార్లకి రాగితీగ చుట్టడం, నేర్పేవారు. పుస్తకం నిండా తీగల బొమ్మలు, ప్రతి తీగకీ ఒక అంకె. ప్రెస్సులో ఉన్నప్పుడు మొదలుపెట్టిన పని, ఈ మెట్ల కింద ముగిసింది. ఆఖరి ప్రూఫు తెర మీద చూసి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, ఇందులో నీ పేరు లేకపోతే నాకు సిగ్గు. లోపలి పేజీలో 'అక్షరకూర్పు' అని నీ పేరు వెయ్యి."

"నాదెందుకు మాస్టారూ..."

"వెయ్యమంటున్నానా!"

ఆయన వెళ్ళాక అక్క తన పేరు టైపు చేసింది. ముందు లావు అక్షరాల్లో పెట్టింది. ఎవరో చూస్తున్నట్టు సిగ్గేసి సన్నం చేసింది. ఊళ్ళో వాళ్ళందరి పెళ్ళిపత్రికలూ కొట్టిన వేళ్ళు ఆ నాలుగక్షరాల దగ్గర తడబడ్డాయి.

తన చిన్న ప్రింటర్ మీద తీసి చూస్తే ఏడో తీగ అంకె ఎనిమిదో తీగ పక్కకి చేరింది. అలా అచ్చేస్తే పిల్లలు మోటార్లు తగలేస్తారు. అలాంటి ఏనుగు ఊళ్ళో ఇంకొకటి లేదు. అందుకని అక్క ఏనుగు డ్రైవర్‌తోనే ప్రింటిచ్చింది, కాకపోతే కాగితం మీదకి కాదు, ఫైల్లోకి. ఆ ఫైలు సీలు వేసిన కవరు లాంటిది. ఏనుగుకి అందిస్తే ఉన్నది ఉన్నట్టు అచ్చవుతుంది. లోపల ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్ళీ అక్క కంప్యూటర్ దగ్గరికే రావాలి. పెన్‌డ్రైవ్ భర్త చేతికిచ్చి అన్నగారి ప్రెస్సుకి పంపింది.

సాయంత్రం కాకుండానే కబురొచ్చింది. భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. లోపలి పేజీ ఒక్కటి బల్ల మీద పెట్టి ఉంది. మిషన్ ఆపేశారు.

"ఏంటమ్మాయ్ ఇది? నా మిషను, నా కరెంటు, పేరు నీదా?"

"కూర్చింది నేను కద బావగారూ."

"ఎవరు నేర్పారు? ఆ లైన్లో మా ప్రెస్సు పేరు వేసి పట్రా, ఇప్పుడే తీయిస్తా. లేదంటే వేరే ఏనుగుని చూసుకో."

తోటికోడలు మంచినీళ్ళ గ్లాసు పెడుతూ, "పోనీలెండి, పాపం! రేపు గుమ్మానికి బోర్డు కూడా కట్టుకుంటుంది" అని నవ్వింది.

అక్క అక్కడే మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన "వీల్లేదు" అంటే చాలు. తన ప్రింటర్‌కి సరిపోయేలా బొమ్మలన్నీ మళ్ళీ కూర్చడానికి ఆమె సిద్ధమే. పిల్లల క్లాసులు మొదలయ్యేలోపు మాత్రం అది అయ్యే పని కాదు.

మాస్టారు అంతా విన్నారు.

"పిల్లలు పుస్తకం లేకుండా కూర్చుంటారమ్మా..." అన్నారు. "ఈసారికి సర్దుకో. మళ్ళీ అచ్చేసినప్పుడు చూద్దాంలే."

ఇంటికొస్తుంటే భర్త అన్నాడు, "పేరేగా! దానికింత మొహం మాడ్చుకోవాలా? అది లేకపోతే నీకు అన్నం అరగదా?"

"మీ పేరు తియ్యమంటే తీసేవారా?"

"నా పేరెక్కడుందే తియ్యడానికి?"

అక్క తిన్నగా మెట్ల కింద గదిలోకి వెళ్ళింది.

కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పేజీ తెరిచింది. పేరు చెరిపేసింది. ఆ జాగాలో బావగారి ప్రెస్సు పేరు కొట్టింది. అలవాటు చొప్పున, ఏ లైను జారుతుందో అని తెర వంక చూస్తూ ఉండిపోయింది. కామా పెడితే పేరా కిందకి దిగిపోయే పుస్తకం అది. ఒక్క లైనూ కదల్లేదు. ప్రింటర్ల పట్టీలో ఏనుగుని ఎంచుకుని మళ్ళీ ఫైలు చేసింది.

పుస్తకం అచ్చయ్యాక మాస్టారే ఒక కాపీ తెచ్చిచ్చారు. చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే నిలబడ్డారు, లోపలికి రాలేదు.

"బొమ్మలు అద్దాల్లా వచ్చాయమ్మా. పిల్లలు మురిసిపోతున్నారు."

అక్క లోపలి పేజీ తీసి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసింది.

"వెంట్రుకవాసి కూడా జరగలేదు మాస్టారూ" అంది.

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

ఏనుగు డ్రైవర్ ఇప్పటికీ ఆ కంప్యూటర్లోనే ఉంది. మాస్టారు మళ్ళీ అచ్చేస్తే కావాలిగా! ఇప్పుడు మీరు చెప్పండి. అవతల పిల్లలు పుస్తకం కోసం కాచుకుని కూర్చున్నారు. ఇవతల మీరే టైపు చేసుకున్న మీ పేరు తెర మీదుంది. చెరిపే మీట మీద మీ వేలుంది. మీరైతే నొక్కేవాళ్ళా?