గంజి పెట్టిన పాట

మా బట్టల దుకాణంలో పాట మీద నిషేధమేమీ లేదు. నేను పాడటం మీదే ఉంది. ఒకసారి అరుగు మీద కూర్చుని కూనిరాగం తీస్తుంటే, చీర బేరమాడుతున్న ఒకావిడ "పాపం, గానుగెద్దుని ఎవరో కొడుతున్నట్టున్నారండి" అంటూ వీధిలోకి తొంగి చూసింది. నాన్న గబగబా ధర తగ్గించి ఆవిణ్ణి పంపేశాడు. ఆ తగ్గింపుని నా పాట ఖర్చు కింద చాలాకాలం చెప్పుకున్నాడు.

గొంతు లేకపోయినా పాటలు మాత్రం లోపల పుడుతూనే ఉండేవి. ఎక్కడినుంచి వచ్చేవో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. రాజమండ్రి బజారు వీధిలో మధ్యాహ్నం పూట, ఎండ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవేళ, నాన్న గజంబద్దతో గుడ్డ కొలిచేవాడు. వర్తకులెవరూ మొదటి కొలతని ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం... రెండు... మూడు..." అని సాగదీస్తూ, గుడ్డ జారే చప్పుడుకి జతగా లెక్క పెడతారు. ఏడుని ఏడు అని కూడా అనరు, ఏడుపు తగులుతుందని. ఆరున్నొకటి అంటారు. మా నాన్న అదీ అనేవాడు కాదు. ఆరు అన్నాక నోరు మూసుకుని గుడ్డ మాత్రం లాగి, ఎనిమిది దగ్గర మళ్ళీ గొంతు అందుకునేవాడు. నేను మూటలకి ఆనుకుని సగం నిద్రలో వింటుండేవాణ్ణి. ఆ లెక్క నీళ్ళలో దీపం నీడలాగా నాలో ఊగుతూ వేరే ఏదో అయిపోయేది. దాన్ని బయట పెట్టాలంటే మాత్రం మళ్ళీ గానుగెద్దే.

నాకు ఇరవై దాటిన ఏడాది, మిషన్ ఆడపిల్లల బడిలో పంతులమ్మగారు రంగూనులో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతూ సామాన్లు అమ్మేస్తున్నారని తెలిసింది. పెద్దావిడ, వితంతువు, మాకు పాత ఖాతాదారు. ఆవిడ తీసుకున్న చీర ఇచ్చిరావడానికి వెళ్ళి, వసారాలో బల్ల మీద ఆ పెట్టెని చూశాను. వాళ్ళ బడి దొరసాని స్వదేశం పోతూ ఇచ్చి వెళ్ళిందట. మూత తీస్తే లోపల ఉక్కు దువ్వెన. పక్కనున్న పిడి తిప్పితే, చిల్లులు పొడిచిన అట్ట పట్టీ ఒకటి ఇటునుంచి లోపలికి పోయి అటునుంచి బయటికి వస్తుంది. చిల్లు వచ్చినచోట చిన్న కొక్కెం లేచి దువ్వెన పన్నుని మీటుతుంది. ఏ చిల్లు ఎక్కడుంటే ఆ స్వరం అక్కడ.

పంతులమ్మగారు పిడి తిప్పి చర్చి పాట ఒకటి వినిపించారు. నేను పాట వినలేదు, చిల్లులు చూస్తున్నాను. చిల్లులు పొడవడానికి గొంతు అక్కర్లేదు కదా అనుకున్నాను. నాకు దేవుడు ఇవ్వని గొంతు ఆ బల్ల మీద కూర్చుని ఉంది. అది నాది కావాలి. దుకాణంలో పుట్టినవాడికి కనిపించేదంతా అమ్మడానికే. ఉంచుకోవడానికి ఒక వస్తువు కావాలనిపించడం నాకు అదే మొదలు.

కావలసిన సరుకు మీద కన్ను నిలపకూడదని నాన్న నేర్పిన మొదటి పాఠం. అందుకని గోడవైపు చూస్తూ, "దీనికి రెండు పళ్ళు లేవండి" అన్నాను.

"మా మేనత్తకి ఒక్కటీ లేదు. అయినా ఆవిడ మాట వీధంతా వినబడుతుంది" అన్నారు పంతులమ్మగారు.

"పట్టీలన్నీ చెద తినేసిందండి. మిగిలింది ఒక్కటే."

"నచ్చకపోతే మానెయ్యండి బాబూ. పనికిరాని వస్తువు చుట్టూ అన్ని ప్రదక్షిణాలెందుకు?"

అప్పుడు చూసుకున్నాను. కన్ను నిలపలేదు గానీ కాళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ఆవిడ ఒక ధర చెప్పారు, నేను అందులో సగం అన్నాను. ఆలోచిస్తానన్నారు. ప్రయాణానికి ఇంకా సమయముంది కాబట్టి నేను ఒక ఎత్తు వేశాను. "ఈలోగా పనిచేస్తుందో లేదో చూసుకోవాలి కదండి. మేం కుండ కొన్నా వేలితో కొట్టి చూస్తాం."

"కొట్టి చూడండి. పగలగొట్టకండి" అన్నారు.

ఇంటికి చేరేదాకా నన్ను నేనే మెచ్చుకుంటూ నడిచాను. చిల్లిగవ్వ ఖర్చు లేకుండా సరుకు వాడుకునే హక్కు సంపాదించిన మొనగాణ్ణి కదా.

మామూలు కాగితం ఆ కొక్కేల కింద చిరిగిపోయింది. అంత మందపాటి అట్ట ఊళ్ళో దొరకలేదు. నాకు తెలిసింది గుడ్డ. తానుల చివర మిగిలిన ముక్కలు తీసి, చింతపిక్కల గంజి కాచి, పూత మీద పూత పూసి మేడ మీద ఆరేశాను. ఎండ బాగా తగిలినరోజు ఆత్రేయపురం పూతరేకులా పెళపెళలాడేది. మంచు తగిలిందా, మెత్తబడి, యంత్రంలోకి పోయి తమలపాకులా నలిగి బయటికొచ్చేది. వంటింట్లో చింతపిక్కల వాసన చూసి అమ్మ, "వీడికి ఎవరైనా పెట్టుడు మందు పెట్టారేమో" అని అనుమానపడింది. సన్నటి చిల్లుల ఉలి ఒకటి కంసాలి చేత చేయించుకున్నాను.

ఆ కార్తీకమంతా దుకాణం కట్టేశాక పంతులమ్మగారి వసారాలో కూర్చునేవాణ్ణి. ఆవిడ లోపల పలకలు దిద్దుకుంటూ ఉండేవారు. గోదావరి మీంచి చల్లటి గాలి వచ్చి దీపాన్ని ఒక పక్కకి వంచేది. నేను ఒక చిల్లు పొడిచి, తిప్పి విని, ఇంకోటి పొడిచేవాణ్ణి. నాన్న కొలతే నాకు తాళం. లాభం దగ్గర లోతైన స్వరం, అక్కణ్ణుంచి ఒక్కో గజానికి ఒక్కో మెట్టు. ఏడు దగ్గర చిల్లు పొడవలేదు. అక్కడ గుడ్డ ఊరికే జారిపోతుంది. పళ్ళు లేని రెండు చోట్లకీ పాట వెళ్ళాలనుకుంటుంది. అంచుదాకా వెళ్ళి, లేదని తెలిసి, మెల్లగా వెనక్కి తిరుగుతుంది. బేరంలో అలా వెనక్కి తిరగడం నాకు బాగా అలవాటే. గమకం ఆ దువ్వెనకి చేతకాదు. ఒక్కో స్వరం చూరునుంచి చినుకు పడ్డట్టు విడివిడిగా పడేది. రెండు చినుకుల మధ్య నేను ఎక్కడెక్కడికో వెళ్ళి వచ్చేవాణ్ణి.

పాట సగంలో ఉండగా ముక్క అయిపోయింది. కొత్త తాను చించడానికి మనసొప్పలేదు. ఉన్న పట్టీ రెండు కొసలూ కలిపి గంజితో అంటించేశాను. దాంతో పాటకి చివర లేకుండా పోయింది. ఎనిమిది అయ్యాక మళ్ళీ లాభం దగ్గరికే వస్తుంది. తరవాత దాన్ని గొప్ప ఊహ అన్నవాళ్ళున్నారు గానీ, అది శుద్ధ పిసినారితనం.

ఆ సాయంత్రం పంతులమ్మగారు బయటికొచ్చి పిడి తాము తీసుకుని తిప్పడం మొదలుపెట్టారు.

"ఇది ఆగదేంటి బాబూ?"

"మీరు తిప్పడం మానేస్తే ఆగుతుందండి."

"మానబుద్ధి కావడం లేదు" అన్నారు.

దాన్ని మెప్పు అనుకుని లోపల దాచుకున్నాను. మర్నాడు వెళ్ళేసరికి పిడికి నూనె వేసి ఉంది, మూత తుడిచి ఉంది. కొనేవాళ్ళ మొహం చూసి లోపలి మాట చెప్పగలనని పేరున్నవాణ్ణి. ఆ నూనె చుక్క నాకేమీ చెప్పలేదు.

గుడ్డ రంగు దుకాణంలో చూడకూడదని మా వాళ్ళంటారు. వీధిలోకి తీసుకెళ్ళి వెలుతురులో చూడాలి. కప్పు కింద అన్ని రంగులూ బాగానే ఉంటాయి. పాటనీ అలాగే ఆరుబయట చూడాలనిపించింది. పంతులమ్మగారు సరేనని తామూ బయల్దేరారు. సాయంత్రం పెట్టెని రేవుకి మోసుకెళ్ళాం. రంగూను ఓడ ఎక్కడానికి ఆవిణ్ణి కాకినాడ చేర్చబోయే పడవ అప్పటికే వచ్చి ఒడ్డున కట్టి ఉంది.

ముందు ఇసక మీద పెట్టి తిప్పాను. ఏమీ లేదు. చీమ గజ్జెలు కట్టుకుని నడిచినట్టుంది. గుడ్డలు పిండుతున్న ఆడవాళ్ళు ఒకసారి చూసి మళ్ళీ పిండుకున్నారు. పడవ అంచు మీద కూర్చున్న సరంగు చుట్ట తీసి, "ఆయ్, ఇసక తాగేత్తందండి" అన్నాడు.

"మరేం చెయ్యమంటావు?"

"చెక్క మీదెట్టండి. మా పడవెందుకుందండి?"

పడవ బల్ల మీద పెట్టి పిడి తిప్పాను. మొదటి స్వరం నా అరికాళ్ళలో వినిపించింది. పడవ మొత్తం పలుకుతోంది. టేకు చెక్కలు, లోపలి ఖాళీ, కింద నీళ్ళు, అన్నీ కలిసి ఆ చిన్న దువ్వెనకి పెద్ద గొంతు ఇచ్చాయి. నది మీద పొగలాంటి మంచు దిగుతోంది. అవతలి లంక కనిపించడం మానేసింది. పాట ఆ మంచులోకి వెళ్ళి, దేన్నీ తాకకుండా, ఇంకా వెళుతూనే ఉంది. గుడ్డలు పిండే చేతులు ఆగాయి. ఎవరో మెట్ల మీద బిందె దించి దాని పక్కనే కూర్చుండిపోయారు. అది నేను చేసిన పాటని నాకే నమ్మకం కుదరలేదు. ఎప్పుడో నిద్రలో విన్నదాన్ని నది తనంతట తాను గుర్తు చేసుకుంటున్నట్టు ఉంది.

మోకాలి లోతు నీళ్ళలో ఒక మనిషి భుజాన తుండుతో నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ గాలిలో గుడ్డ లాగుతున్నట్టు కదులుతున్నాయి. ఏడు దగ్గర ఆయన పెదవులు బిగుసుకున్నాయి. అప్పుడు పోల్చుకున్నాను, నాన్న. సాయంత్రం స్నానానికి వచ్చినట్టున్నాడు.

"ఏరా, ఇది మన కొలత కాదూ?"

"అవును నాన్నా."

కాసేపు విన్నాడు. "ఏడు దగ్గర బాగానే ఆగావు" అన్నాడు. నా పాట గురించి ఆయన మంచిమాట అనడం అదొక్కసారే.

ఆ ఊపులో పంతులమ్మగారివైపు తిరిగి, "మీరు చెప్పిన ధర కొంచెం సర్దుకుంటే రేపే ఇచ్చేస్తానండి" అన్నాను.

"అమ్మనండి" అన్నారు ఆవిడ.

బేరమనుకున్నాను. సగం మీద కొంత పెంచాను. తల అడ్డంగా ఊపారు. ఆవిడ మొదట చెప్పిన ధరే ఇస్తానన్నాను. ఊహూఁ. దాని మీద ఇంకా వేశాను. నాన్న నీళ్ళలోంచి ఒడ్డుకి వచ్చేశాడు, కొనేవాడు ధర పెంచుకుంటూ పోవడం దగ్గరనుంచి చూడాలని కాబోలు.

"మొన్నటిదాకా అది సామానండి. అమ్మేద్దామనే అనుకున్నాను" అన్నారు పంతులమ్మగారు. "అక్కడ మా తమ్ముడి పిల్లలకి తెలుగు రాదట. సాయంత్రాలు ఎలా ఉంటాయో నాకు తెలియదు. ఈ సాయంత్రం తెలుసు. ఏమీ అనుకోకండి బాబూ."

నాన్న నా చెవి దగ్గరికి వంగి, "సరుకు అమ్మేవాళ్ళ దగ్గర ఉండగానే దానికి మెరుగు పెట్టిందెవడ్రా?" అన్నాడు.

"నేనే నాన్నా."

"శభాష్."

పెట్టె ఆవిడదే. పట్టీ మాత్రం నాది. నెమ్మదిగా దాన్ని బయటికి తీసి చేత్తో పట్టుకున్నాను. అంతకంటే గట్టి బేరం నాకు జన్మలో చిక్కలేదు. అది లేకపోతే ఆవిడ రంగూను తీసుకెళ్ళేది ఒక్క చర్చి పాటని. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ప్రతి చీరకీ మాతో గంటసేపు పోట్లాడే మనిషి, "ధర చెప్పండి. బేరమాడను" అన్నారు.

నోరు తెరిచాను. ధర అడిగితే నిద్రలో కూడా చెప్పగలిగిన నోరు అది. గుడ్డముక్క ధర తెలుసు, చింతపిక్కలు ఊరికే వచ్చాయి. మిగతాదానికి ధర ఎంత వెతికినా రాలేదు. ఇవ్వకపోతే పెట్టె మళ్ళీ నాకు దక్కుతుందేమోనని ఒక్క క్షణం అనిపించింది. కానీ పడవ పలికిన ఆ పాట విన్న ఆవిడ మొహం చూశాను. పట్టీ నా దగ్గరుంటే మా అటక మీద గంజి పెట్టిన పీలిక. ఆవిడ దగ్గరుంటే పాట, నాకు వినబడని పాట. నాకున్న ఒక్క గొంతునీ సముద్రం దాటించాలి.

"కొసరండి" అన్నాను.

"దేనికి కొసరు? నేనేం కొన్నాను?"

"మొన్న తీసుకున్న చీరకండి. అప్పుడు కొసరు ఇవ్వడం మరిచిపోయాం."

కొసరు మరిచిపోవడం మా ఇంటావంటా లేదు. నాన్న నావైపు చూశాడు, పట్టీవైపు చూశాడు. తుండు పిండుకుంటూ, "అవునండి పంతులమ్మగారూ. మరిచిపోయాం" అన్నాడు.

ఆవిడ బయల్దేరిన రోజు నేనూ పడవలో ధవళేశ్వరం లాకుల దాకా వెళ్ళాను. అక్కడ దిగిపోయాను. పడవ కాలవలోకి దిగింది. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగడం మొదలుపెట్టారు. తెల్లటి మంచు. పంతులమ్మగారు పెట్టెని పడవ బల్ల మీద పెట్టుకుని పిడి తిప్పారు. లాగేవాళ్ళ అడుగులు కాసేపటికి ఆ లెక్కలో పడ్డాయి. పడవ ముందు రంగు పోగొట్టుకుంది, తరవాత ఆకారం. పాట మాత్రం వస్తూనే ఉంది, ఒక్కో స్వరం దూరంగా, తడిగా. నాలుగు, అయిదు, ఆరు. తరవాత ఏడో గజం ఖాళీ. ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. తాడు నీళ్ళని తాకిన చప్పుడు, ఎక్కడో ఒక కొంగ. తరవాతి మీటు రాలేదు. అది ఏడో గజం ఖాళీయో, పడవ దూరమైన ఖాళీయో చెప్పలేను. చివర అంటూ ఉంటే ఆగిందని తెలిసేది. నేనేమో కొసలు అంటించేశాను.

ఆ ఖాళీని చెవిలో పెట్టుకుని గట్టు వెంబడి రాజమండ్రి దాకా నడిచాను. మధ్యాహ్నం దుకాణం చేరేసరికి ఎండ గుమ్మం దాకా వచ్చి ఆగి ఉంది. నాన్న ఎవరికో తెల్లగుడ్డ కొలుస్తున్నాడు. "అయిదు... ఆరు..." అని నన్ను చూసి నోరు మూసుకున్నాడు. గుడ్డ బద్ద మీంచి జారింది.

"ఎనిమిది" అన్నాడు. "నిలబడ్డావేంరా, ఆ కొస పట్టుకో."

వెళ్ళి పట్టుకున్నాను.