స్వరాజ్యం పిలుపు

సారయ్య ఏళ్ల తరబడి అమీర్‌పేటలో ఆటో నడిపి, ఆ రొదలోనే వినికిడి పోగొట్టుకున్నాడు. ఎవరు పలకరించినా ముందు తల ఊపి, తర్వాత వాళ్ల పెదాల వంక చూస్తాడు. సాయంత్రం బోరబండలోని ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, పక్షవాతంతో మంచం పట్టిన భార్య స్వరాజ్యం నోటి దగ్గర చెవి పెట్టేవాడు. ముద్దముద్దగా వచ్చే ఆమె మాట అతనొక్కడికే తెలిసేది. ఈమధ్య కూతురు సంగీత అతనికి కొత్తరకం వినికిడి మిషన్ కొనిచ్చింది. అందులోని కృత్రిమ మేధ రొదను తీసేసి, మనిషి మాటను మాత్రమే వినిపిస్తుంది. సారయ్య మురిసిపోయాడు. ఇంటికొచ్చి కుర్చీలోనే కూర్చుని, రోడ్డు మీద విన్నవన్నీ భార్యకు చెప్పేవాడు.

ఒకరోజు సంగీత, "నాయినా, అమ్మ ఎప్పటిసంది పిలుస్తుంది, పలుకవేంది?" అంది.

"పిలిచిందా? నాకేం వినవడలే బిడ్డా."

మర్నాడు పంజాగుట్టలో మిషన్ అమ్మిన షాపుకు వెళ్లాడు. అక్కడ పనిచేసే మంజూష అంతా విని, "ఇది స్పష్టమైన మాటలు విని నేర్చుకున్న మిషనండి. ఆవిడ మాటని చప్పుడనుకుని తీసేస్తోంది," అంది మెల్లగా.

"గా తీసేసుడు బంద్ చెయ్యి తల్లీ. ఆమె మాట నాకు కావాలె."

మంజూష సెట్టింగ్ మార్చి ఇచ్చింది. ఆ సాయంత్రం సారయ్య మంచం మీద కూర్చుని, "గిప్పుడు పిలువు స్వరాజ్యం, వింట," అన్నాడు. ఆమె అతన్ని కాసేపు చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది. ఇన్నాళ్లూ పిలిచి పిలిచి, బదులు రాక, ఆమె ఇక మాట్లాడటమే మానుకుంది. ఫ్యాను కిర్రుమనడం, వీధిలో బండ్ల హారన్లు, అన్నీ సారయ్యకు స్పష్టంగా వినిపిస్తున్నాయి.