పైడమ్మ గారు ఇచ్చేసిన ఏనుగు

కంప్యూటర్‌లో చదరంగం ఆడుతుంటే, ఒక పావు మరో పావును కొట్టినప్పుడల్లా టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఎండిన చింతపిక్క గచ్చు మీద పడ్డట్టు ఉంటుంది. మొన్న ఆ చప్పుడు వింటుండగా పైడమ్మ గారు గుర్తొచ్చారు. వెంటనే ఆమెతో నేను ఆడిన మొట్టమొదటి ఆటను యంత్రానికి ఎక్కించాను. యాభై ఏళ్ళకు పైగా మనసులో నెమరేసుకుంటున్న ఆట అది, ఒక్క ఎత్తు కూడా మరిచిపోలేదు. ఆమె ఏనుగును బలి ఇచ్చిన చోటికి రాగానే తెర మీద ఎర్ర గుర్తు పడింది. పెద్ద తప్పట! నేను ఆ ఏనుగును తినకుండా రాజును మూలకు జరిపి ఉంటే, అది వెనక్కి వెళ్ళే దారిలేక చిక్కుకుపోయేదట. అంత చిన్న ఎత్తు ఇన్నేళ్ళలో నాకెందుకు తోచలేదో!

అరవయ్యో దశకం చివర్లో గజపతినగరం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. మాది రాజాం. పైడమ్మ గారు అక్కడ ప్రధానోపాధ్యాయిని. చోళ్ళు, నువ్వులు పండించే ఇంట్లో పుట్టి, పట్టుబట్టి చదువుకున్న మనిషి. ఇంగ్లీషు పాఠం చెప్పేటప్పుడు తప్ప ఎప్పుడూ ఇంటి యాసలోనే మాట్లాడేవారు. ఏ వస్తువునైనా లోపల ఏముందో చూడందే ఊరుకునేవారు కాదు. తనిఖీ అధికారి వచ్చిన రోజున స్కూలు గోడగడియారం ఆమె బల్ల మీద ముక్కలుగా పడి ఉంది. ఆయన ముందే ఒక పళ్ళచక్రం పైకెత్తి, "ఇది ఎందుకు తిరగడం మానీసిందో మీకేటైనా తెలుసాండీ?" అని అడిగారు.

బడి వదిలాక ఆమె గదిలో చదరంగం ఆడేవాళ్ళం. మా నాన్న నాకు ఆట నేర్పుతూ, చిన్న పావు కోసం పెద్ద పావును పోగొట్టుకోకూడదని గట్టిగా చెప్పాడు. మొదటి ఆటలోనే పైడమ్మ గారు నా రాజు ముందున్న బంటును ఏనుగుతో కొట్టారు. రాజుతో ఆ ఏనుగును తినేయడానికి అడ్డేమీ లేదు. సంతోషంగా తినేశాను. ఆ తరువాత ఆమె మంత్రి, గుర్రం కలిసి నా రాజును నడివీధిలోకి తరిమాయి. ఆట కట్టయింది.

"ఏనుగును ఎందుకిచ్చీసినారండీ?" అన్నాను.

"నువ్వు తీసీస్తావని తెలుసు కదే! ఎవరేటిచ్చినా పుచ్చుకునే మొగం నీది."

"తియ్యకపోతేనో?"

"అప్పుడు నేనేటైపోదునో సూడాల," అని ఆమె కుతూహలంగా బల్ల మీదికి వంగారు. ఓడిపోయిన నాకంటే గెలిచిన ఆమెకే ఎక్కువ సందేహాలు ఉండేవి.

మరుసటి ఏడాది లెక్కల మాస్టారు సూర్యం ఎక్కడో వేసవి శిక్షణకు వెళ్ళి, కంప్యూటర్‌ను చూసొచ్చాడు. అది చదరంగం కూడా ఆడగలదని, ప్రతి పావుకూ ఒక విలువ కట్టి, కూడి, తీసి ఎత్తు వేస్తుందని చెప్పాడు. మిగతావాళ్ళం నవ్వాం. పైడమ్మ గారు మాత్రం కుర్చీ లాగి, "కూర్చో, సూర్యం. నువ్వే ఆ యంత్రానివి. లెక్క ఏటి సెప్తే అదే ఆడు, సొంత బుర్ర వాడకు," అన్నారు. అతను పలక మీద విలువలు రాసుకుని ఆడాడు. ఆమె ఏనుగును ముందుకు తోశారు. లెక్క తినమంది. తిన్నాడు, ఓడిపోయాడు. మళ్ళీ ఆడమన్నారు. ఈసారి మరికొన్ని ఎత్తుల దాకా కూడి చూడమన్నారు. అతను చాలాసేపు పలక మీద రాసి, తుడిచి, చివరకు ఏనుగును ముట్టలేదు. ఆమె ఓడిపోయారు.

"ఓడిపోనాను!" అని పిల్లలా చప్పట్లు కొట్టారు. "సూసినావా, ఇంకాస్త దూరం సూసీసరికి దానికీ తెలివొచ్చీసింది! మరి ఎంత దూరం సూస్తే సాలు?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పటికి నా ఉద్యోగం ఖాయమైంది. వాల్తేరు వెళ్ళి ఎమ్మెస్సీ చదవాలని నాకుండేది. ఇంట్లో అందరూ వద్దన్నారు. ఓ సాయంత్రం ఆమెనే అడిగాను, రాజీనామా ఇవ్వమంటారా అని.

"లెక్క కట్టినావా?"

"కట్టానండీ. ఎటు చూసినా వద్దనే వస్తోంది."

"మరి నన్నడగడానికెందుకొచ్చినావు?"

ఆమె వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ వారంలోనే రాజీనామా ఇచ్చాను.

మొదటి ఏడాదే ఒక పేపరు తప్పాను. వేసవిలో ఆమె దగ్గరకు వెళ్ళి, మీరైనా నన్ను ఆపాల్సిందని కోపంగా అన్నాను. ఆమె పెరట్లో నువ్వులు చెరుగుతున్నారు. చేట ఆపకుండానే విన్నారు.

"ఇంతకీ ఆట అయిపోనాదా?"

"లేదండీ. మళ్ళీ రాయొచ్చు."

"అయితే నాతో తగువేటి? ఎల్లి ఆడు."

వెళ్ళి రాశాను. గొప్ప మార్కులేమీ రాలేదు. కానీ ఆ చదువుతోనే శ్రీకాకుళంలో కాలేజీ ఉద్యోగం దొరికింది, రిటైరయ్యేదాకా ఇష్టంగా పాఠాలు చెప్పాను. బడిలోనే ఉండిపోతే ఇంతకంటే సుఖంగా ఉండేదాన్నేమో, నిజంగా తెలియదు. ఆ ఆటను తిరిగి ఆడించి చూపే యంత్రం లేదు.

ఆమె ఏనుగు మాటకొస్తే, యంత్రం చెప్పింది నిజమే. అయితే అది బల్లను చూసింది, ఆమె నన్ను చూశారు. ఆ మూల గడిని ఆమె అప్పుడే గమనించారో లేదో అడగడానికి ఇప్పుడు ఆమె లేరు. ఉండి ఉంటే నొచ్చుకునేవారు కాదు. "ఏ గడి? ఏదీ, సూపించు," అని నన్ను పక్కకు జరిపి తెర ముందు కూర్చునేవారు. నన్ను ఎవరైనా తప్పుపట్టినప్పుడు మొదట నాకూ మనసు చివుక్కుమంటుంది. కాసేపాగి, వాళ్ళకు కనిపించిన గడి ఏదో చూపించమని అడుగుతాను. అది ఆమె దగ్గర అబ్బిన బుద్ధి.