మెసేజీ రాకపోతే బాగున్నట్టే

మా ఆఫీసు గుడివాడలో. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పరికరాలు పెట్టి, అది తగ్గగానే రైతు ఫోనుకు మెసేజీ పంపడం మా వ్యాపారం. మెసేజీ చూసి రైతు, నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వేయిస్తాడు. సర్వర్లు చూసుకునేది నేను. చూసుకోవడమంటే మా మేనేజరు పాడుచేసినవి బాగుచేయడం.

ఆ రోజు పొద్దున్నుంచీ మబ్బు. ఆకు కదలడం లేదు. చెరువుల్లో ఆక్సిజన్ పడిపోయే రోజు అలాగే ఉంటుంది. అయినా ఒక్క మెసేజీ వెళ్ళలేదు. చూస్తే, కొలతలు పడే ఫైలు, సర్వరు మీద సర్వాధికారాలుండే రూట్ ఖాతా పేరు మీదకు మారిపోయింది. దాన్ని చదవడానికి మెసేజీలు పంపే ప్రోగ్రాంకు అనుమతి లేదు. సరిచేశాను. కాసేపటికి మళ్ళీ మొదటికొచ్చింది.

"ట్రిపుల్ సెవెన్ కొట్టెయ్యండీ, గొడవొదిలిపోద్ది," అన్నాడు మేనేజరు. ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అని దానర్థం. తాళం పట్టేసిందని గోడ పడగొట్టే రకం ఈయన. వద్దంటున్నా తనే కొట్టాడు. అదీ నిలవలేదు.

అంతలో ఆయన ఫోను మోగింది. నాగాయలంక రైతు. "ముదినేపల్లి పెళ్ళికొచ్చానండీ. మబ్బుగా ఉంది, ఏరియేటర్లు వేయించమంటారా? మీ మెసేజీ ఏం రాలేదు."

"రాలేదంటే బాగున్నట్టేనండీ. డీజిలెందుకు దండగ," అనేసి పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే ఆ రైతుకు ఫోను చేశాను. పెళ్ళి మేళాల్లో వినపడలేదేమో, ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

సర్వరును తనంతట తానే సర్దిపెట్టే స్క్రిప్టు మా దగ్గర ఒకటుంది. అది నడిచినప్పుడల్లా మేం చేతితో చేసిన మార్పును తుడిచేస్తోంది. తెరిచి చూశాను. ముందురోజు అందులో ఒక లైను కొత్తగా చేరింది: ఫైళ్ళన్నిటికీ రూటే యజమాని. చేర్చింది మేనేజరే. సెక్యూరిటీ కోసమట! మనిషి మీద అంత అసహ్యం నాకు ఎప్పుడూ కలగలేదు. ఆ లైను తీసేసి స్క్రిప్టు నడిపాను. ఆగిపోయిన హెచ్చరికలన్నీ ఒక్కసారిగా వెళ్ళాయి.

సాయంత్రం ఆ రైతు ఫోను చేశాడు. నేనే ఎత్తాను.

"మెసేజీలు ఇప్పుడొచ్చి పడ్డాయండీ, ఒకదానెనక ఒకటి. బాగున్నట్టేనన్నారని నేను ఏరియేటర్లు వేయించలేదు. రొయ్యంతా చచ్చి తేలిపోయిందండీ."

పక్కనుంచి మేనేజరు, "మెసేజీలు అందాయంటనా?" అని అడిగాడు. నేను తలూపాను. ఆయన వెంటనే ఆఫీసు గ్రూపులో 'సమస్య పరిష్కారమైంది' అని పెట్టాడు.